సాళువ అంటే ఏంది?

పిట్ట పేరో మేక పేరో ఇంటిపేరుగా ఉన్నోళ్లను హాజరు పిలిచేటప్పుడు మనలో కొందరు నవ్వుతారు. చంద్రగిరి నుంచి ఏలిన సాళువ నరసింహరాయల సంగతి చెప్తా వినండి. మొదట ఆయన హంపీ విజయనగరానికి లోబడిన చిన్న రాజే. 1485లో ఆ సింహాసనమే ఎక్కినాడు. ‘సాళువ’ దేవుడి పేరు కాదు, ఊరి పేరూ కాదు. సాళువము అంటే వేటకు పెంచే డేగ! డేగ కోడిపిల్ల మీద పడేది మా పేటలో నేను చూసినా, రెక్కల చప్పుడే వినపడదు. ఈ వంశంలోని మంగిదేవుడు 14వ శతాబ్దంలో కుమార కంపన వెంట దక్షిణాదికి దండెత్తి పోయినాడు. ఆ యుద్ధాల్లో చూపిన శౌర్యానికి వచ్చిన బిరుదు అది. తర్వాతివాళ్లకు ఇంటిపేరుగా నిలిచిపోయింది. తిరుమల కొండ మీది శాసనాల్లో కూడా నరసింహరాయల పేరు ముందు సాళువ అనే చెక్కించినారు.