మూర్ఛ - మిర్గీ

తెలుగున ‘మూర్ఛపోవుట’ యనిన సొమ్మసిల్లుట. ‘మూర్ఛ వచ్చుట’ యనిన తరచుగా ఫిట్సు. హిందీలో మూర్ఛ యనిన స్పృహ తప్పుట మాత్రమే. ఫిట్సు వ్యాధిని ‘మిర్గీ’ యందురు. భిలాయి సెక్టర్ 2లోని తెలుగువారు హిందీ మాటలాడు వైద్యునికి ‘మూర్ఛ’ యని చెప్పినచో, అసలు వ్యాధి ఆయనకు తెలియకపోవచ్చును.

సొమ్మసిల్లుటకు సాధారణముగా కారణము మెదడునకు రక్తప్రసారము క్షణకాలము తగ్గుట. మిర్గీకి కారణము మెదడు కణములలోని విద్యుత్ ప్రసారము హఠాత్తుగా అదుపు తప్పుట. అది పిచ్చి కాదు, గాలి సోకుటయు కాదు. రెండింటికి చికిత్సలు వేరు. కావున వ్యాధి పేరుతోపాటు కన్నులార చూచినదియు చెప్పవలెను: ఎంతసేపు పడియుండెను, కాలుసేతులు కొట్టుకొనెనా, నాలుక కరచుకొనెనా.

చేత తాళములగుత్తి పెట్టినందున ఫిట్సు ఆగదు. నోట ఏమియు పెట్టరాదు. కొట్టుకొనుట తగ్గగానే రోగిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. 5 నిమిషములు దాటినను ఆగనిచో 108కు ఫోను చేయవలెను.