ఉక్కపోత రాత్రుల్లో ఏసీ లేని నిద్ర

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మా బందరులో రోళ్ళ సంగతేమో గానీ, నిద్ర మాత్రం ముక్కలు ముక్కలవుతుంది. పగటి ఎండకి గొడుగుంది, మజ్జిగుంది, చెట్టు నీడుంది. ఫ్యాను తిరుగుతూనే ఉన్నా మెడ కింద దిండు తడిసిపోయే రాత్రి ఉక్కతోనే అసలు తంటా. మేముండేది పై వాటా, నెత్తిన స్లాబు. ఏసీ లేదు. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి, ఈ ఉక్కనీ ఒక పాఠంలాగే చూస్తాను.

నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త తగ్గాలి. రాత్రి మొత్తం మీద ఆ తగ్గుదల సుమారు ఒక డిగ్రీ. నిద్ర ముంచుకొచ్చే ముందు అరిచేతులు, అరికాళ్ళు వెచ్చబడేది అందుకే. లోపలి వేడిని రక్తం అక్కడికి మోసుకొచ్చి బయటికి వదులుతుంది. గాలి చల్లగా ఉంటే ఆ వేడి దానంతటదే పోతుంది. గది 33 డిగ్రీలుంటే చర్మానికీ గాలికీ పెద్ద తేడా ఉండదు, ఇక చెమటే దిక్కు. అయితే చెమట పడితే చాలదు, ఆరాలి. ఒక గ్రాము చెమట ఆరితే సుమారు 2,400 జౌళ్ళ వేడి పోతుంది. అదే చెమట కారిపోయి దిండులో ఇంకితే ఆ లాభం ఒంటికి దక్కదు. సముద్రం పక్కన గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది. చెమట ఆరదు, మనం దొర్లుతూ ఉంటాం.

మా వియ్యపురాలిది కరీంనగర్. ఏటా ఫోన్లో ఒకటే మాట: "ఒక కూలర్ పెట్టించుకోరాదు వదినా, మస్తు సల్లగుంటది." ఆవిడ ఊరికి అది నిజమే. అక్కడి పొడిగాలి కూలర్లో నీళ్ళని ఇట్టే తాగేసి చల్లబడుతుంది. మా గాలికి ఆ దాహం లేదు. తలుపులు మూసి కూలర్ వేస్తే గదిలో తేమ పెరిగి, ఆరే చెమట కూడా ఆరదు. తడి దుప్పట్లు వేలాడదీసినా అంతే. వట్టివేళ్ళ తడికలు పడమటి గాడ్పు కొట్టే మధ్యాహ్నాలకే గానీ ఉక్క రాత్రులకి పనికిరావు.

ఫ్యాను ముందు మంచుగడ్డల గిన్నె పెట్టమని కొందరంటారు. లెక్క వేద్దాం. కిలో మంచు కరగడానికి 3,34,000 జౌళ్ళు కావాలి. నిద్రపోతున్న మనిషి ఒంటినుంచి సెకనుకి 75 జౌళ్ళకు పైనే వేడి వస్తుంది. అంటే ఆ మంచంతా కలిసి ఒక్క మనిషి వేడిని గంట పైచిలుకు లాగుతుంది, అంతే. పైగా ఆ మంచు చేసిన ఫ్రిజ్ ఇంట్లోనే ఉంటే అంతకంటే ఎక్కువ వేడిని ఇంట్లోనే వదిలింది.

అసలు శత్రువు స్లాబు. రాత్రి పదింటికి స్టూలెక్కి దాని అడుగున అరచెయ్యి ఆనించి చూడండి. అప్పుడే ఇస్త్రీ చేసి తీసిన చొక్కాలా వెచ్చగా తగులుతుంది. పగలంతా తాగిన ఎండని కాంక్రీటు కొన్ని గంటలు ఆలస్యంగా, సరిగ్గా మనం పడుకునే వేళకి వదులుతుంది. సీలింగ్ ఫ్యాను ఆ వేడిగాలినే మన మీదికి తోస్తుంది. వేసవి రాకముందే జిగురు కలిపిన సున్నం డాబా మీద రెండు కోట్లు కొట్టిస్తే ఎండలో చాలా భాగం తిరిగి ఆకాశంలోకే పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ సూత్రం మీదే. మేము సున్నం మీద, జానెడు ఖాళీ వదిలి, కర్రలు పరిచి కొబ్బరాకులు కూడా కప్పిస్తాం.

తర్వాతి పని కిటికీలది. పొద్దున ఎండెక్కేసరికి మూసి, తెరలు వేసేయాలి. బయటి గాలి లోపలికంటే చల్లబడ్డాకే తెరవాలి. అప్పుడు టేబుల్ ఫ్యానుని ఒక కిటికీలో బయటికి తిప్పి పెడితే, అది వేడిగాలిని గెంటేస్తుంది, ఎదుటి కిటికీలోంచి చల్లగాలి వస్తుంది. పడుకునే వేళకి దాన్ని తెచ్చి కాళ్ళవైపు నుంచి ఒంటికి తగిలేలా పెట్టుకోవాలి. ఫ్యాను గాలిని చల్లబరచదు, చెమటని ఆరుస్తుంది. దోమతెర గాలిని సగం ఆపేస్తుంది కాబట్టి ఫ్యాను తెర దగ్గరికి జరపాలి.

పడకా ముఖ్యమే. ఫోమ్ పరుపు మీద వీపుకి గాలాడదు. మా అత్తగారు నవారు మంచం మీద పాత నేత చీర ఒక్కటే పరుచుకుని పడుకుంటారు. ఇంట్లో ముందుగా నిద్రపోయేది ఆవిడే. మంచం అడుగునుంచి కూడా గాలి వస్తుందిగా మరి. మంచం లేనివాళ్ళకి నేల మీద తుంగచాప చాలు. పడుకోబోయే ముందు గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని, పూర్తిగా తుడుచుకోకుండా ఫ్యాను కింద కూర్చోవాలి. ఐసు నీళ్ళు పోసుకుంటే చర్మంలో రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే ఉండిపోతుంది.

ముసలివాళ్ళకి దాహమూ తక్కువే, చెమటా తక్కువే. గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి వేడినే ఒంటికి చేరుస్తుంది, దాన్ని నమ్ముకోకూడదు. నీళ్ళు పోయే బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు వేసవికి ముందే డాక్టరుని అడగాలి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడుతుంటే అది నిద్రమత్తు కాదు, వడదెబ్బ. తడిగుడ్డ కప్పి, ఫ్యాను వేసి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈ ఏడు ఒక్క పనికే డబ్బులుంటే కూలర్ కొనకండి, డాబాకి సున్నం వేయించండి. అద్దె ఇల్లైతే ఆ ఖర్చు గురించి ఇంటాయనతో మాఘంలోనే మాట్లాడండి. ఎండలు ముదిరాక అడిగితే సున్నం వేసేవాళ్ళు దొరకరు.