హర్గిలా కొంగ - చెట్టు గలవారి ధర్మము

అస్సాము దేశమున హర్గిలా యను నొక కొంగ గలదు. ఎముకలను మ్రింగునది యని యా పేరునకు అర్థము. దాని యెత్తు ఇంచుమించు అయిదడుగులు. రెక్కలు చాచినచో ఎనిమిదడుగుల వెడల్పు. బోడితల, మెడక్రింద వ్రేలాడు తిత్తి, కుళ్లిన మాంసము నాహారము. అందమునకు మెచ్చి దీనిని కాపాడువారు లేరు. నేడు భూమండలమున అస్సాము, బీహారు, కాంబోడియా సీమలలో మాత్రమే యిది గూళ్లు కట్టుచున్నది. అట్టి పక్షి కొన్ని పల్లెల స్త్రీల పూనికచే నిలిచిన వృత్తాంతము, తోటలు దొడ్లు గల మన చదువరులు తెలిసికొనదగినది.

పంతొమ్మిదవ శతాబ్దమున కలకత్తా మేడలపై నీ పక్షులు బారులు తీరి యుండెడివి. వీధులలోని కళేబరములను తిని నగరమును శుభ్రపరచుటచే ఆ నగరపాలక సంఘపు ముద్రలో సయితము వీనికి స్థానము లభించెను. పిదప మహావృక్షములు కూలినవి, చిత్తడినేలలు పూడినవి, ముద్ర కెక్కిన పక్షి యా నగరమున కనుమరుగయ్యెను.

అస్సామునందలి కామరూప జిల్లాలో దదరా, పచారియా, సింగిమారి గ్రామములున్నవి. అచ్చట హర్గిలా గూళ్లు కట్టునది సర్కారువారి యడవులలో గాదు, గృహస్థుల పెరళ్లలోని కడిమి, బూరుగు మొదలగు ఎత్తైన చెట్లపైన. గూటినుండి యెముకలు, కుళ్లిన చేపలు, రెట్టలు వాకిట బడుచుండును. దుర్గంధము దుర్భరము. దానికి తోడు అపశకున మను నమ్మకము. కావున చెట్టు గొట్టి అమ్ముకొన్న యజమానిని నిర్దయుడని నిందించుట సులభమేగాని న్యాయము గాదని మా తలంపు. ఆతని కష్టము నిజమైనది.

2007 వ సంవత్సరమున, ఈ పక్షినిగూర్చి పరిశోధన సాగించుచున్న శ్రీమతి పూర్ణిమాదేవి బర్మన్ దదరాలో నొక చెట్టు కూలుటయు, గూళ్లలోని పిల్లలు నేలపాలగుటయు కన్నులార జూచిరి. ఆమె వారింపబోగా గ్రామస్థులు పరిహసించిరి. ఆమె తన సిద్ధాంత గ్రంథమును ప్రక్కన బెట్టి ఊరూర దిరుగ నారంభించిరి. డాక్టరు పట్టము 2019 లోగాని చేతికి రాలేదు.

ఆమె చట్టము పేరు చెప్పి యెవరిని బెదరింపలేదు. స్త్రీలను వంటల పోటీలకు, పండుగలకు గూర్చిరి. గ్రుడ్లు పొదుగు కాలమున, గర్భవతికి సీమంతము చేయునట్లు, హర్గిలాకును వేడుక జరిపించిరి. పక్షిబొమ్మలు గల వస్త్రములను మగ్గములపై నేయించి వారికి జీవనోపాధి చూపిరి. చెట్టు యజమానులను పదుగురిలో సన్మానించిరి. జారిపడు పిల్లల నందుకొనుటకు చెట్లక్రింద వలలు గట్టించిరి. ఆ మహిళాసేన పదివేలకు మించినది. 2010 లో ఆ గ్రామములయం దుండిన 28 గూళ్లు 250 కి పైబడినవి. 2022 లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఆమెను 'భూరక్షకురాలి'గా గౌరవించెను. 2023 లో ఈ పక్షిని అంతరించు ప్రమాదము గల జాతుల పట్టికనుండి కొంత తక్కువ ప్రమాదము గల శ్రేణికి మార్చిరి.

అయినను పని ముగియలేదు. చిత్తడినేలలు చిక్కిపోవుచుండుటచే గౌహతి చెత్తకుప్పలపై మేయవలసిన దుర్గతి ఈ పక్షులకు తప్పలేదు. గూడు గ్రామస్థులు కాపాడగలరు. మేతనిచ్చు జలాశయములను కాపాడుట ప్రభుత్వముల బాధ్యత.

మన సీమ కీ ధర్మము క్రొత్తది గాదు. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమునకును, చిలమత్తూరు చెంతనున్న వీరాపురమునకును ఎర్రకాళ్ల కొంగలు ఏటేట వచ్చుచున్నవి. వీరాపురపు చింతచెట్లపై వానికి గూళ్లు గలవు. అవి వచ్చినగాని యూరికి శుభము గాదని అచ్చటి వృద్ధుల నమ్మకము. కాని కేవలము నమ్మకముపై ఎల్లకాలము భారము మోపరాదు. చింతమ్రాను కాపు, కలప యజమానికి ఆదాయము; ఆ యాదాయమును ఆతడు వదలుకొన్నచో ఊరివారందరును ఆ నష్టమున పాలుపంచుకొనవలదా?

కావున మా మనవి రెండు మాటలు. గూడున్న చెట్టు యజమానిని గ్రామపంచాయతీ యేటేట సభలో సత్కరించి, ఆతని నష్టమునకు కొంత పరిహారము నీయవలయును. చెట్టు గొట్టక తప్పని యజమాని పిల్లలకు రెక్కలు వచ్చి యెగిరిపోవువరకైన గొడ్డలి నాపవలయును. దదరా స్త్రీలు చేయగలిగినది మన పల్లెలు చేయలేవని మేము తలపము.