ఒక్కరేనా అండీ?

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. కళింగపట్నంలో లైట్‌హౌసు, వంశధార సముద్రంలో కలిసే చోటు, సాయంత్రం పూట వలలు సర్దుకునే పల్లెకారులు. సాయంత్రమంతా అక్కడే కూర్చోబుద్ధవుతుంది. చీకటి పడ్డాక మాత్రం రాత్రికి పదిహేను వందల నుంచి మూడు వేల దాకా పెట్టగలిగిన మనిషికి ఈ ఒడ్డున తగిన గది దొరకడం కష్టం. అందుకని ఒంటరిగా వచ్చేవారికి నేను చెప్పేది ఒకటే: పగలు సముద్రం దగ్గర గడపండి, రాత్రికి శ్రీకాకుళం పట్నం చేరండి.

పట్నంలో లాడ్జీలకు లోటు లేదు. ఇబ్బందల్లా కౌంటర్ దగ్గర వినిపించే మొదటి ప్రశ్నతోనే: "ఒక్కరేనా అండీ?" గదిలో ఏదైనా జరగరానిది జరిగితే పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాల్సింది తామేనని యజమానుల భయం. ఆ భయం అర్థమవుతుంది. కానీ ఆధార్ చూపించి, ముందే డబ్బు కట్టే మనిషిని అనుమానంగా చూడటం న్యాయం కాదు. ఆడవాళ్లయితే ఇంకో నాలుగు ప్రశ్నలు ఎదుర్కోవాలి. సత్రాల్లోనూ దంపతులకు, కుటుంబాలకే ముందు చోటు. తిరుమలలో సైతం ఒంటరివారికి గది ఇవ్వని పద్ధతి చాలాకాలంగా ఉంది.

మన యాత్రలు మొదటినుంచీ గుంపు యాత్రలే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, మరుసటి ఏడు ఈ తీరం వెంబడే తిరిగి వెళ్లారు. వెంట పెద్ద పరివారం, గుడారాలు ఉండేవి. ఒక్కడే సంచి తగిలించుకుని వచ్చేవాడి కోసం మన బసలు ఎప్పుడూ ఏర్పడలేదు.

కరీబియన్ సముద్రంలోని క్యూబాలో దీనికో దారి దొరికింది. సొంత ఇంట్లో గది అద్దెకిచ్చుకోవడానికి అక్కడి ప్రభుత్వం 1997లో అనుమతిచ్చింది. అలాంటి ఇళ్ల తలుపు మీద ఒక గుర్తు ఉంటుంది. విదేశీయులు నీలం గుర్తు చూసి తలుపు తడతారు. శ్రీకూర్మంలోనో, కళింగపట్నంలోనో పిల్లలు విశాఖకో హైదరాబాదుకో వెళ్లిపోయి పై అంతస్తు ఖాళీగా ఉన్న ఇళ్లు అలా తెరుచుకుంటే ఎంత బాగుండును! ఇంటావిడ చేతి చేపల పులుసు తిని నిద్రపోయే అదృష్టం ఏ స్టార్ హోటల్లో వస్తుంది?

అప్పటిదాకా శ్రీకాకుళంలో ఆర్టీసీ కాంప్లెక్స్, డే అండ్ నైట్ జంక్షన్ చుట్టుపక్కల గది చూడండి. అరసవల్లి సూర్యదేవాలయం ఆటోలో వెళ్లేంత దగ్గర. శ్రీకూర్మం, శాలిహుండం బౌద్ధ స్తూపాలు, కళింగపట్నం ఒక్క పగటిలో తిరిగి రావచ్చు. ముఖలింగానికి మరో రోజు ఉంచుకోండి, తొందరపడి చూసే గుడి కాదది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. రాత్రి బండి దిగేవారు పట్నానికి పది కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం ఉందని గుర్తుంచుకోవాలి.

ఒంటరివారికి విజయనగరమే సుఖమని నా అభిప్రాయం. స్టేషన్ ఊళ్లోనే ఉంది. 1713 నాటి కోట, గురజాడ ఇల్లు, గంటస్తంభం, మూడు లాంతర్లు, 1919లో మొదలైన సంగీత కళాశాల అన్నీ నడిచి చూడొచ్చు. ఒంటరి మనిషికి రాత్రి తొమ్మిదికి నడిచి గదికి చేరగలగడం చాలా పెద్ద ధైర్యం.

గది చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. లోపలి గడియ సరిగా పడుతోందో లేదో వేసి చూడండి. రోడ్డు వైపు కాకుండా వెనక గది అడగండి. ఒక్కరే ఉన్నా చాలాచోట్ల ఇద్దరి అద్దే తీసుకుంటారు, బేరమాడితే తగ్గించేవారూ ఉన్నారు. చెక్ అవుట్ ఇరవై నాలుగు గంటల లెక్కా, మధ్యాహ్నం పన్నెండుకా అన్నది ముందే తేల్చుకోండి. తెల్లవారుజామున బండి దిగేవారికి ఆ తేడా ఒక రోజు అద్దె.

దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం, రథసప్తమికి అరసవల్లి, అక్కడే మార్చి, అక్టోబరుల్లో సూర్యకిరణాలు స్వామిని తాకే రోజులు. అప్పుడు గదులు కుటుంబాలతోనే నిండిపోతాయి. ఆ రోజుల్లో రాదలిస్తే ముందే ఫోన్ చేసి, వచ్చేది ఒక్కరేనని చెప్పి, వాళ్లు సరేనన్నాకే టికెట్ తీసుకోండి.