పాటీ మీద కూర్చోనంటే అది మొండితనం కాకపోవచ్చు

జూన్‌లో బడులు తెరుస్తారు. మూడేళ్ళ బిడ్డను అంగన్‌వాడీకో ప్లే స్కూలుకో పంపాలి. బిడ్డ మాత్రం ఇంకా డైపర్‌లోనే పోతుంది. పాటీ చూపిస్తే ఏడుస్తుంది, తలుపు వెనక్కి వెళ్ళి నక్కుతుంది. మొండిఘటం అని తల్లి విసుక్కుంటుంది. మా కాలంలో ఏడాదికే నేర్పించేశాం అని అవ్వ అంటుంది. కావేరిపట్టణంలో గానీ, కృష్ణగిరిలో గానీ, హోసూరులో గానీ పసిపిల్లలున్న ఇంట్లో ఈ మాటలు కొత్తవి కావు.

ఇలా మొరాయించే పిల్లల్లో చాలామందికి అసలు కారణం భయం, లేదా నొప్పి. ఆ రెండూ ఉన్నంతకాలం ఎంత బుజ్జగించినా, ఎంత బెదిరించినా పని జరగదు. అవి పోయాక నేర్పాల్సింది కొంచెమే మిగులుతుంది.

అవ్వ చెప్పేదాంట్లో నిజమెంత?

మన ఇళ్ళలో పాత పద్ధతి అందరికీ తెలిసిందే. తల్లో అవ్వో కాళ్ళు చాపుకుని కూర్చుని, పాదాల మధ్య బిడ్డను కూర్చోబెట్టి 'ఉస్స్' అనేవారు. పాలు తాగిన కాసేపటికి, నిద్ర లేవగానే ఇలా చేస్తే పని అయిపోయేది. తూర్పు ఆఫ్రికాలోని డిగో అనే జనంలో కూడా తల్లులు ఇలాగే చేస్తారని 1977లో పరిశోధకులు రాశారు.

ఇందులో రెండు మంచి విషయాలున్నాయి. ఒకటి వేళ. కడుపులో ఆహారం పడగానే పెద్దపేగు కదులుతుంది, అందుకే తిన్న పావుగంట, అరగంటలో విరేచనం వస్తుంది. రెండోది భంగిమ. గొంతుక్కూర్చున్నప్పుడు మలద్వారం దగ్గరి వంపు సరళమై దారి సులువవుతుంది. అయితే ఏడాది బిడ్డ విషయంలో వేళ పట్టుకున్నది అవ్వే. వస్తోందని తనే తెలుసుకుని, కాసేపు ఆపుకుని, చెప్పి వెళ్ళడం అనేది బిడ్డకు ఆ తర్వాతే వస్తుంది.

అమెరికాలో బ్రేజల్టన్ అనే పిల్లల వైద్యుడు 1,170 మంది పిల్లల వివరాలు చూసి 1962లో ప్రచురించారు. బిడ్డ సిద్ధమయ్యాకే, బలవంతం లేకుండా నేర్పిన ఆ పిల్లలు పగటిపూట పూర్తిగా నేర్చుకున్నది సగటున 28 నెలలు దాటాకే. కొందరు ముందు, కొందరు మూడేళ్ళు నిండాక. రాత్రి పక్క తడపడం ఐదేళ్ళ దాకా మామూలే, దాన్ని దీంతో కలపకూడదు.

సిద్ధమైన గుర్తులు

రెండు గంటలైనా లంగోటా తడవకుండా ఉండటం, మీరు చెప్పిన చిన్న పని చేయగలగడం, నిక్కరు తనే కిందికి లాగగలగడం, తడిసిందని చిరాకు పడటం, పోయే ముందు ఒక మూలకు వెళ్ళడం. ఇవి కనిపిస్తే మొదలుపెట్టవచ్చు. ఇంట్లో చెల్లో తమ్ముడో పుట్టినప్పుడు, ఇల్లు మారినప్పుడు, జ్వరం వచ్చి తగ్గినప్పుడు మాత్రం కొన్ని వారాలు ఆగడం మంచిది.

ముక్కుతున్నాడా, ఆపుకుంటున్నాడా?

తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. బిడ్డ ముఖం ఎర్రబడుతుంది, కాళ్ళు బిగించి మునివేళ్ళ మీద నిలబడుతుంది, మంచం కోడు పట్టుకుంటుంది. పాపం, రాక ముక్కుతోంది అనుకుంటాం. చాలాసార్లు అది ముక్కడం కాదు, వస్తున్నదాన్ని బిగబట్టి ఆపుకోవడం.

ఎప్పుడో ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పెట్టి ఉంటుంది. మళ్ళీ నొప్పి వస్తుందని బిడ్డ ఆపుకుంటుంది. ఆపుకున్న కొద్దీ పేగు అందులోని నీటిని పీల్చేస్తుంది, మలం ఇంకా గట్టిపడుతుంది. మరుసటిసారి నొప్పి ఇంకా ఎక్కువ. ఈ చక్రం తిరుగుతుండగా పాటీ మీద కూర్చోమంటే బిడ్డ ఎందుకు కూర్చుంటుంది?

చాలా రోజులు ఇలా నిలవుంటే గట్టి మలం చుట్టూ పలుచనిది కారి బట్టకు అంటుతుంది. దాన్ని బేదులనుకుని కట్టుకునే మందు వేస్తే బాధ ఇంకా పెరుగుతుంది.

కాబట్టి నేర్పడం ఆపి, ముందు మలం మెత్తబడేలా చూడాలి. పాలు రోజుకు అర లీటరు చాలు. పాలతోనే కడుపు నిండితే బిడ్డ అన్నం, కూర తినదు. రాగి సంగటి, పప్పు, ఆకుకూర, బొప్పాయి, జామ, మామిడి కాలంలో పండు, రోజంతా కొద్దికొద్దిగా నీళ్ళు అలవాటు చేయాలి. దీంతో తగ్గకపోతే మలాన్ని మెత్తబరిచే మందు డాక్టరు రాస్తారు. కొన్నిసార్లు దాన్ని నెలల తరబడి వాడాల్సి వస్తుంది, నాలుగు రోజులకే తగ్గిందని ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. తమలపాకు కాడ, సబ్బు ముక్క పెట్టడం, పట్టి ఉంచి ఆముదం పోయడం వద్దు. వాటితో ఆ పూటకు కడుపు ఖాళీ కావచ్చు గానీ, బిడ్డ భయం రెట్టింపవుతుంది.

గది భయం

ఒకప్పుడు పిల్లలు పెరట్లోనో వాకిలి పక్కనో వెలుతురులో కూర్చునేవారు. ఇప్పుడు ఇంటింటా మరుగుదొడ్డి వచ్చింది, మంచిదే. కానీ చిన్న బిడ్డకు ఆ ఇరుకు గది, జారే నేల, మధ్యలో గుంత, భళ్ళున పడే ఫ్లష్ నీళ్ళు భయం పుట్టిస్తాయి. పడిపోతాననుకుంటుంది.

అందుకే మొదట నేల మీద పెట్టే చిన్న పాటీ మేలు. దాన్ని ఇంట్లోనే వెలుతురున్న చోట పెట్టండి. కమోడ్ మీదైతే చిన్న సీటు వేసి, కాళ్ళ కింద పీట పెట్టండి. పాదాలు ఆనకపోతే బిడ్డ ముక్కలేదు. ఇండియన్ టాయిలెట్ అయితే తలుపు తీసి, లైటు వేసి, ముందు కూర్చుని చేతులు పట్టుకోండి. బిడ్డ బయటికి వచ్చాకే ఫ్లష్ చేయండి.

రోజూ చేయాల్సింది

మొదటి వారం బట్టలతోనే పాటీ మీద కూర్చుని ఆడుకోనివ్వండి. రెండో వారం డైపర్ విప్పి కూర్చోబెట్టండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి తిన్న కాసేపటికి ఐదు నిమిషాలు చాలు. రాకపోతే లేపేయండి. వస్తే మెచ్చుకోండి, రాకపోయినా కూర్చున్నందుకు మెచ్చుకోండి.

డైపర్ కట్టందే పోనని పట్టుబట్టే పిల్లలుంటారు. డైపర్ కట్టండి గానీ, మరుగుదొడ్డి గదిలోనే పోవాలనండి. కొన్ని రోజులకు దాన్ని కట్టుకునే పాటీ మీద కూర్చోమనండి. తర్వాత వదులు చేయండి, ఆ తర్వాత తీసేయండి. మెట్టుమెట్టుగా వెళితే ఏడుపు ఉండదు.

కొట్టడం, వాత పెడతానడం, నలుగురిలో 'ఛీ, కంపు' అని నవ్వడం పూర్తిగా మానాలి. సిగ్గుపడ్డ బిడ్డ దాక్కుని ఆపుకుంటుంది. పసిపిల్లల మలం అంటే అసహ్యం లేకపోవచ్చు గానీ, దాంట్లోనూ రోగక్రిములుంటాయి. కాలువలో, చెత్తకుప్పలో వేయకుండా మరుగుదొడ్డిలోనే వేసి, మీరూ బిడ్డా సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇంట్లో ఒక మాట, బడిలో ఒక మాట

మనవాళ్ళ పిల్లలకు ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో తమిళం. అవ్వ 'దొడ్డికి' అంటుంది, అమ్మ 'రెంటికి' అంటుంది, నాన్న 'పాటీ' అంటాడు, టీచరు 'రెండుక్కు' అంటారు. నాలుగు మాటల మధ్య బిడ్డ నోరు మూసుకుని కూర్చుంటుంది. ఇంట్లో అందరూ ఒకే మాట వాడండి. ఒంటికి, రెంటికి అన్న మన మాటలు తమిళంలో ఒన్నుక్కు, రెండుక్కు. వినడానికి దగ్గరే కాబట్టి బిడ్డ రెండూ సులువుగా పట్టుకుంటుంది. బడిలో చేర్చే రోజే టీచరుకూ ఆయమ్మకూ బిడ్డ వాడే మాట చెప్పండి. మాట రాకపోతే వేలు చూపడం నేర్పినా చాలు.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

మలంలో రక్తం, కడుపు ఉబ్బరం, వాంతులు, బరువు పెరగకపోవడం, పుట్టిన మొదటి నెల నుంచే మలబద్ధకం, మూత్రం పోసేటప్పుడు మంట లేదా జ్వరం, ఎప్పుడూ చుక్కలుగా కారుతుండటం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. బాగా నేర్చుకున్న బిడ్డ మళ్ళీ తడుపుతూ, విపరీతంగా దాహమంటూ, చిక్కిపోతుంటే చక్కెర వ్యాధి ఏమో అదే రోజు చూపించాలి. ఏమీ లేకున్నా నాలుగేళ్ళు దాటినా పగలు అలవాటు కాకపోతే ఒకసారి చూపించడం మంచిది. దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో గానీ, కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో గానీ అడగవచ్చు.

జూన్ నాటికి పూర్తిగా రాకపోయినా కంగారు పడాల్సిన పని లేదు. సంచిలో రెండు జతల బట్టలు పెట్టి, టీచరుకు విషయం చెప్పి పంపండి. తోటి పిల్లలు వెళ్ళడం చూసి వారం రోజుల్లో తనే లేచి వెళ్ళే పిల్లలూ ఉంటారు.