ఛాయాచిత్రమునకు ఒక్క దీపము

గృహమున మనుష్యుల ఛాయాచిత్రములు తీయఁగోరువారికి తొలుత నొక్క దీపమే చాలును. మేము మూఁడు దీపములు కొని వెలిగింపఁగా మా యత్తగారి ముఖమున మూఁడు నీడలు పడెను. వారు చిత్రముఁ జూచి, "ఇది నేను గాదు" అనిరి.

కలకత్తాలో 1815లో జన్మించిన జూలియా మార్గరెట్ కామెరాన్ 48 ఏండ్ల ప్రాయమున, 1863లో, కుమార్తె యిచ్చిన కెమెరాను చేపట్టి, ఇంగ్లండున తమ కోళ్లగూటినే గాజుగదిగ మార్చి, పగటి వెలుఁగుతోనే ప్రసిద్ధ చిత్రములఁ దీసెను.

దీపమును ముఖమునకుఁ బ్రక్కగా, కన్నులకంటె నెత్తుగా నిలుపవలెను. నడుమ పలుచని తెల్లబట్ట నడ్డము గట్టిన నీడలు మెత్తబడును. బట్ట ముఖమున కెంత చేరువయైన నంత మేలు. వేఁడి దీపమునకు మాత్రము తగులనీయరాదు సుమా! దీపపు దూరము రెండింతలైన వెలుఁగు సుమారు నాలుగవ వంతే మిగులును. రెండవ చెంప మఱీ నల్లనైనచో నావైపున తెల్లదుప్పటి పట్టిన చాలును.

ఇట్లు తీసిన రెండవ చిత్రమును మా యత్తగారు తమ పెట్టెలో దాఁచుకొనిరి.