నాలుకకు హితమైనది ఊపిరికి హితమేనా?

ఇటీవల ఒక పండుగనాడు డబ్లిన్ నగరంలో మిత్రుల ఇంటికి భోజనానికి వెళ్ళాము. వంటగది గట్టుమీద పాయసానికై తెచ్చిన యాలకుల ఎసెన్సు ప్రక్కనే మరి ఏడు చిన్న సీసాలు కనిపించాయి. అవి ఆ ఇంటి పెద్దబ్బాయివి. అతడు సిగరెట్లు మాని రెండేళ్ళయింది. వాటికి బదులు ఆవిరి పీల్చే విద్యుత్ సిగరెట్టు, వాడుక భాషలో ‘వేప్’, పట్టుకున్నాడు. “బాబాయిగారూ, మీరు రసాయన శాస్త్రం చదువుకున్నారు కదా, ఈ యాలకుల ఎసెన్సు కూడా నా ద్రవంలో కలుపుకోవచ్చునా?” అని అడిగాడు. “తినేదే కదండీ, తప్పేముంది?” అన్నారు వాళ్ళ అమ్మగారు. ఆనాడు పప్పుచారు చల్లారేలోగా చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసం.

ఇంట్లో ద్రవం కలుపుకోవాలనే ఆలోచనకు ఒక కారణం ధర. 2025 నవంబరు 1 నుండి ఐర్లండు ప్రభుత్వం ఈ ద్రవాలపై, నికొటిన్ ఉన్నా లేకున్నా, మిల్లీలీటరుకు 50 సెంట్ల పన్ను విధించింది. అనగా 10 మిల్లీలీటర్ల సీసాపై 5 యూరోలు; ఆపై విలువ ఆధారిత పన్ను అదనం. ద్రవంలో ఉండేవి మాత్రం స్వల్పమే: ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, కావాలనుకుంటే నికొటిన్, చివరగా వాసనకు, రుచికి గాఢ సారాలు. చిక్కంతా ఈ చివరి దానిలోనే ఉంది.

అరటిపండు వాసన ఐసోఅమైల్ ఎసిటేట్ అనే అణువుది. అనాస వాసనకు ఇథైల్ బ్యూటిరేట్, పీచుమిఠాయి తీపికి ఇథైల్ మాల్టాల్, వెనిలాకు వెనిలిన్ ముఖ్యం. ఇవన్నీ బిస్కట్లలోను, ఐస్‌క్రీములలోను మనం నిత్యం తినేవే. కాని “ఆహారంలో వాడవచ్చును” అన్న హామీ తినడానికి సంబంధించినది మాత్రమే. తిన్న పదార్థాన్ని జఠరరసం, ప్రేగులు, కాలేయం ఒకదాని తరువాత ఒకటి పరీక్షించి, విరిచి, వడపోసి గాని రక్తంలోకి విడువవు. ఊపిరితిత్తుల గాలితిత్తులకు అట్టి కాపలా లేదు. గాలికి, రక్తానికి నడుమనున్న పొర కాగితం కన్నా వందరెట్లకు పైగా పలుచన.

ఈ భేదాన్ని లోకానికి తెలియజెప్పినవారు పాప్‌కార్న్ కర్మాగారపు కార్మికులు. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో జాస్పర్ అనే ఊరి కర్మాగారంలో పనిచేసిన ఎనిమిది మందికి చిన్న శ్వాసనాళాలు మచ్చకట్టి మూసుకుపోయే నయం కాని వ్యాధి ఉన్నట్లు 2000లో బయటపడింది. అనుమానం వెన్న వాసననిచ్చే డయాసిటిల్ మీదకు పోయింది. ఈ అణువు మన వెన్నలోనూ సహజంగా స్వల్పంగా ఉంటుంది. తింటే ఇబ్బంది లేదు. వారు వేడి తొట్ల మీది ఆవిరిని రోజుల తరబడి పీల్చారు. సిగరెట్టు పొగలోనూ డయాసిటిల్ ఉంటుంది, పెక్కు వేప్ ద్రవాలలో కంటే అధికంగానే. ఆ మాట దాచడం న్యాయం కాదు. అయినా, కావాలని తెచ్చి కలుపుకోవడానికి అది కారణం కాజాలదు.

కనుక సారం కొనేవారు అందమైన పేరు చూచి కాక భద్రతా పత్రం అడిగి చూడాలి. వెన్న, కస్టర్డు, మీగడ వంటి పేర్లున్న సీసాల విషయంలో ఇది మరీ ముఖ్యం. పత్రంలో 431-03-8 అనే సంఖ్య ఉంటే అది డయాసిటిల్. “డయాసిటిల్ లేదు” అని ముద్రించి, దాని సోదరుడైన ఎసిటైల్ ప్రొపియొనిల్‌ను వాడినవారూ ఉన్నారు. దాని సంఖ్య 600-14-6. ఎసిటోయిన్ అనే మూడవది నిలువలో కొంత డయాసిటిల్‌గా మారగలదు. ఈ పత్రం ఇవ్వలేని అంగడిలో కొనకుండుటే మేలు.

ఇక యాలకుల ఎసెన్సు సంగతి. వంటింటి ఎసెన్సులు కొన్ని నూనెలో కరిగించినవి, కొన్నింటిలో పంచదార, రంగు కూడా ఉంటాయి. నూనె తుంపరలు ఊపిరితిత్తులలో చేరితే వాటిని కడిగివేసే ఉపాయం దేహానికి లేదు. ఒక విధమైన న్యుమోనియా రావచ్చును. 2019లో అమెరికాలో గంజాయి సారపు ద్రవాలకు విటమిన్ ఇ ఎసిటేట్ అనే నూనె కలిపినందువల్ల వచ్చిన జబ్బుతో, 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది మరణించారు. పంచదార గాని, సుక్రలోజ్ గాని వేడి తీగపై మాడి బొగ్గవుతుంది. దాల్చినచెక్క వాసనకు మూలమైన సిన్నమాల్డిహైడ్ శ్వాసనాళాలను శుభ్రపరచే సన్నని నూగు కదలికను మందగింపజేస్తుంది. అది కొన్ని ప్లాస్టిక్ తొట్లనే పగులగొట్టగలదు. ప్లాస్టిక్కు ఓర్వలేని దానిని గొంతుకు అప్పగించడమెందుకు?

కలిపిన తరువాత కూడా మార్పు ఆగదు. వెనిలిన్ ప్రొపిలీన్ గ్లైకాల్‌తో సీసాలోనే చర్య జరిపి ఎసిటాల్ అనే కొత్త పదార్థమవుతుంది. వేడి తగిలితే కథ ఇంకా పెరుగుతుంది. డబ్లిన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌కు చెందిన ఆచార్య డోనల్ ఒషే బృందం 2024లో 180 రుచి రసాయనాలు వేడికి ఎట్లు విరుగునో కృత్రిమ మేధతో అంచనా వేసి, విషపూరితములు, ఉద్రేకకరములు అనదగిన పదార్థాలు అనేకం ఏర్పడగలవని చూపింది. ఇది గణన మాత్రమే, మనుషులపై కొలత కాదు. అయినా ఎన్ని రుచులు కలిపితే అన్ని తెలియని చర్యలని దీనివల్ల అర్థమవుతుంది. ఏడు సీసాల కన్నా ఒక సీసా నయం, పది శాతం కన్నా మూడు శాతం నయం. పది మిల్లీలీటర్లకు మూడు శాతమంటే 0.3 మిల్లీలీటరు, చుక్కలు లెక్కపెట్టక సిరంజితో కొలవాలి.

నికొటిన్ విషం. ఐరోపా నిబంధన ప్రకారం మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి, 10 మిల్లీలీటర్లకు పెద్దదైన సీసాలో దానిని అమ్మరాదు. అంతకన్న గాఢమైనది తెప్పించి ఇంట్లో పలుచన చేయడం సాహసం. పండ్ల వాసన గల సీసా పసిపిల్లలకు శరబత్తులా తోస్తుంది గనుక వంటగదిలో ఉంచరాదు. తాళం వేసిన అరలో ఉంచాలి. మరొక్క మాట: 2019 నాటి చట్టం ప్రకారం భారతదేశంలో విద్యుత్ సిగరెట్ల దిగుమతి, అమ్మకం, నిలువ నిషిద్ధం. సెలవులకు హైదరాబాదుకో విజయవాడకో వెళ్ళేవారు ఈ సామగ్రిని పెట్టెలో సర్దక ఇక్కడే వదలి వెళ్ళాలి.